ఉప్పల్ ఉద్యోగపర్వం

ఇష్టదేవతా స్తుతి లేనిదే కావ్యం గడప దాటదు. కాబట్టి ముందుగా అనంతగిరి మీద కొలువైన అనంత పద్మనాభుడికి ఒక దండం. పడుకున్న చోటు నుంచి లేవకుండానే మూసీనదిని పుట్టించి హైదరాబాద్‌కు సాగనంపిన స్వామి ఆయన. ఆ నది వికారాబాద్ అడవిలో కళ్ళు తెరిచి, పట్నమంతా చూసుకుంటూ, నాగోలు వంతెన కింద నుంచి ఉప్పల్ పక్కగా సాగిపోతుంది. అంటే వికారాబాద్ నుంచి ఉప్పల్‌కు మొట్టమొదటి యాత్ర చేసింది మూసమ్మే, అదీ టికెట్ లేకుండా. ఆ తర్వాత 1874లో, నిజాం కాలంలో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలుదారి పడింది. మూడో ప్రవాహం పేరు ఐపీఎల్.

దేవతాస్తుతి అయ్యాక కుకవినింద చేయాలి. “టీవీల చూస్తే కనబడదా? గంత దూరం పోవాల్నా?” అని గడపలో నిలబడి అడిగే ఇంటివాళ్ళను మించిన కావ్యద్రోహులు లేరు. కానీ వాళ్ళను నిందించే ధైర్యం ఈ కవికి లేదు. రాత్రి తలుపు తీయవలసింది వాళ్ళే.

ఇక కథ. కాలం 2024 మార్చి 27, బుధవారం. స్థలం ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ స్టేడియం. యుద్ధం సన్‌రైజర్స్ హైదరాబాద్‌కూ ముంబై ఇండియన్స్‌కూ. ఇందులో ఉన్న ధర్మసంకటం ముందే చెప్పకపోతే పాఠకుడు ఎవరి పక్షాన ఏడవాలో తెలియక తికమకపడతాడు. హైదరాబాద్ సేనాపతి ప్యాట్ కమిన్స్, ఆస్ట్రేలియా దేశస్థుడు. ముందు నడిచే ట్రావిస్ హెడ్‌దీ ఆ దేశమే. మార్‌క్రమ్, క్లాసెన్‌లది దక్షిణాఫ్రికా. అభిషేక్ శర్మది అమృత్‌సర్, భువనేశ్వర్ కుమార్‌ది మీరట్, మయాంక్ అగర్వాల్‌ది బెంగళూరు. మరి హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగి, హైదరాబాద్‌కే రంజీ ఆడిన పిల్లవాడు ఎక్కడున్నాడయ్యా అంటే ఎదుటి శిబిరంలో ఉన్నాడు. పేరు తిలక్ వర్మ. 2022 వేలంలో ముంబై వాళ్ళు కోటీ 70 లక్షలు పెట్టి తీసుకుపోయారు. ఇంటి బిడ్డ అవతలి పక్షాన విల్లు పట్టుకుని నిలబడటం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే కర్ణుడికి వేలంపాట జరగలేదు.

ఇప్పుడు పురవర్ణన. తాండూరు నేల తవ్వితే బండ, దున్నితే కంది. ఆ బండ హైదరాబాద్ పాత ఇళ్ళల్లో నేలై పరుచుకుంది. ఆ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. తాండూరు మనిషికి మాత్రం అంతకుముందు నుంచే గుర్తింపు ఉంది: ఎక్కడ విందుకు కూర్చున్నా పప్పు నాలుకకు తగిలించి, పెదవి విరిచి, పక్కవాడి మొహం చూస్తాడు. కర్ణాటక పొలిమేర దగ్గరే కాబట్టి ఒకే వాక్యంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకదాన్నొకటి తోసుకోకుండా కూర్చుంటాయి. మూసీ తూర్పుకు పోతే ఇక్కడి కాగ్నా నది హైదరాబాద్‌ను లెక్కచేయక పడమటికి తిరిగి భీమలో కలుస్తుంది. ఆ నదీజలం తాగినందుకో ఏమో ఊళ్ళో బెంగళూరు జట్టు భక్తులూ ఉన్నారు. 2025 దాకా సాగిన వాళ్ళ దుఃఖానికి వేరే కావ్యం కావాలి, ఇందులో చోటు చాలదు.

తాండూరు దండులో రథ గజ తురగ పదాతులు నాలుగూ ఉన్నాయి. స్టేషన్ దాకా దింపిన ఆటో రథం. బండల పాలిషింగ్‌లో ముప్పై ఏళ్ళు బరువులెత్తిన మామ గజం. బండి కదిలాక ప్లాట్‌ఫాం మీద పరుగెత్తి వచ్చి ఎక్కిన అల్లుడు తురగం. మిగిలినవాళ్ళు పదాతులు, పెండ్లి ఉందని చెప్పి పనికి డుమ్మా కొట్టినవాళ్ళు. ఎవరి పెండ్లో అడిగితే ఏం చెప్పాలో ముందే మాట్లాడుకోలేదు కాబట్టి మరునాడు ఒకే ముహూర్తానికి మూడు ఊళ్ళలో ముగ్గురు పెండ్లికొడుకులు తేలారు.

ఆయుధాల్లో మొదట చెప్పుకోవలసింది టిఫిన్ డబ్బా. అత్త స్వహస్తాలతో కట్టిన మూడంతస్తుల స్టీలు కోట అది. కింది అంతస్తులో కందిపప్పు, గట్టిది, గరిట నిలబెడితే నిలబడేది. నడి అంతస్తులో పల్లికారం, చీల్చిన ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు. పై అంతస్తులో మడతపెట్టిన జొన్నరొట్టెలు, వాటి మీద తడిగుడ్డ. కోటకు రెండు పక్కలా ఇనుప కొక్కేలు. అందులో ఎడమ కొక్కెం సొట్టబోయింది, దాన్ని దారంతో కట్టారు. డబ్బా మూత మీద అత్త పుట్టింటివాళ్ళ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. దీని రక్షణభారం మామది. మ్యాచ్ టికెట్లు మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టి అంగీ లోపలి బనీనులో పెట్టుకున్నాడు అల్లుడు. ఇంద్రుడే బాపనయ్య వేషంలో వచ్చి అడిగినా ఇచ్చే రకం కాదు.

రెండో ఆయుధం దస్తీ. చిన్న వస్తువని తేలికగా చూడొద్దు. జనరల్ బోగీ రాజనీతి అంతా ఆ గుడ్డముక్క మీద నడుస్తుంది. బండి ప్లాట్‌ఫాం మీదికి వస్తూ ఉండగానే, ఇంకా ఆగకముందే, కిటికీ ఊచల సందు నుంచి మామ దస్తీ లోపలికి విసిరాడు. అది గాల్లో ఒకసారి విప్పారి, ఒక మూల ముడిలో కట్టిన చిల్లర బరువుకు అటు ఒరిగి, సరిగ్గా కిటికీ పక్క సీటు మీద పడింది. పసుపు మరకలున్న, అంచు పోగులు లేచిన ఆ గుడ్డ పడ్డ క్షణం నుంచి ఆ జానెడు చెక్క పరాయివాడు తాకరాని రాజ్యం. లోపల ఖాళీగా నిలబడ్డవాళ్ళు కూడా దాన్ని చూసి పక్కకు జరిగారు. రిజర్వేషన్ బోగీలో టీసీ మాటకు ఈ గౌరవం దక్కగా ఎవరూ చూడలేదు.

ధారూర్ దాటింది. వికారాబాద్ జంక్షన్ వచ్చింది. బీదర్, పర్లి దారి ఇక్కడే విడిపోతుంది. అక్కడ ఆరంజి జెండాలతో మరో దండు ఎక్కింది. రెండు సేనలదీ ఒకే పక్షం, ఒకే రంగు, ఒకే గమ్యం. అయినా ఆ రోజు మొదటి యుద్ధం ఉప్పల్‌లో జరగలేదు, ఆ బోగీలో జరిగింది.

“అన్నా, జర జరుగుండ్రి. నలుగురు కూసునే సీటిది.”

“నలుగురేంది, ఆర్గురం ఉన్నం. దస్తీ కనబడ్తలేదా?”

“దస్తీకి టికెట్ ఉన్నదా?”

బోగీ మొత్తం నిశ్శబ్దమైపోయింది. పల్లీలు అమ్మేవాడు కూడా చేతిలో పొట్లం మడవడం ఆపాడు. ఈ ప్రశ్నకు మనుస్మృతిలో జవాబు లేదు, రైల్వే రూల్సులోనూ లేదు. అప్పుడు మామ డబ్బాను ఒళ్ళోకి తీసుకుని, భీష్ముడంత నెమ్మదిగా, “ఏ ఊరు బిడ్డా మీది?” అని అడిగాడు.

“ధారూర్ కాడ.”

“ధారూర్ కాడ్నా? మా పెద్దనాయన బిడ్డెను గాడ్నే ఇచ్చినం. ఇంటిపేరేంది?”

ఇంటిపేర్లు, మేనత్తలు, ఎప్పుడో తెగిపోయిన ఒక పొలం గెట్టు అన్నీ బయటికొచ్చాయి. మూడు నిమిషాల్లో ఎదుటివాడు అల్లుడికి బావ అయ్యాడు. బావరికం తేలగానే సీటు పొడవు పెరిగింది. ఆర్గురు కూర్చున్న చోట తొమ్మిదిమంది పట్టారు.

శంకర్‌పల్లి దాటాక బండి సిగ్నల్ లేక ఆగింది. ఆగిన బండిలో కవికి దేశాంతర వర్ణన చేసే వీలు చిక్కుతుంది. ఐర్లాండ్ పడమర దిక్కున లీట్రిమ్ అని ఒక కౌంటీ ఉంది. ఆ రిపబ్లిక్‌లో అన్నిటికంటే తక్కువ జనం ఉన్నది అక్కడే. మిగతావాళ్ళు తరతరాలుగా ఓడలెక్కి పోయారు. వాళ్ళ ఆట గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకు పదిహేనుమంది, చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, అడ్డకర్ర పైనుంచి పోతే మామూలుగా పాయింటు, కింద వలలో పడితే మూడు. 1884లో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ దాన్ని ఇవాళ్టికీ జీతాల్లేని ఆటగాళ్ళతోనే నడుపుతోంది. ఆడేవాడు పొద్దున బడిలో పాఠం చెప్పి, లేదా పాలు పితికి, సాయంత్రం మైదానానికి వస్తాడు. ఆ పడమటి కౌంటీల పోటీలో లండన్, న్యూయార్క్ వలసవాళ్ళ జట్లకూ చోటుంది. ఏటా ఏదో ఒక కౌంటీ వంతు వస్తుంది, మూటాముల్లె కట్టుకుని అట్లాంటిక్ దాటి న్యూయార్క్ బ్రాంక్స్‌లోని గేలిక్ పార్క్‌కు పోవాలి. వెంట అభిమానులూ పోతారు. ఆట సగం, ఎప్పుడో వెళ్ళిపోయిన పినతండ్రి పిల్లలు ఎట్లున్నారో చూసిరావడం సగం. న్యూయార్క్ జట్టు 1999లో ఆ పోటీలో చేరి, 2023 ఏప్రిల్ దాకా ఒక్క మ్యాచూ గెలవలేదు. ఆ తొలి గెలుపు లీట్రిమ్ మీదే, అదీ పెనాల్టీల్లో. పోయినవాళ్ళు ఉన్నవాళ్ళను ఓడించారన్నమాట. ఆ రాత్రి ఓడినవాళ్ళు ఎవరింట్లో భోంచేసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మనకూ అలాంటిది ఒకటి జరిగింది. 2024 జూన్ 12న, అదే న్యూయార్క్ పక్కన, ప్రపంచకప్‌లో అమెరికా మీద భారత్ ఆడినప్పుడు, ముంబైలో పెరిగిన సౌరభ్ నేత్రావల్కర్ విరాట్ కోహ్లీని మొదటి బంతికే ఇంటికి పంపించాడు. తర్వాత రోహిత్ శర్మనూ పంపించాడు. చివరికి గెలిచింది భారతే అయినా, ఆ రెండు వికెట్లకు ఏం చేయాలో తెలియని చేతులు లక్షల్లో ఉండి ఉంటాయి. కానీ లీట్రిమ్‌వాడికి ఒక సుఖం ఉంది. అక్కడ జట్టును కనేది ఊరు. ఉప్పల్‌లో జట్టును కనేది వేలంపాట. కాబట్టి తాండూరు దండు లీట్రిమ్ దండు కంటే కొంచెం కష్టమైన యాత్ర చేస్తోందని ఈ కవి అభిప్రాయం, దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే అయినా సరే.

సిగ్నల్ పడింది. లింగంపల్లి, బేగంపేట. అక్కడి నుంచి మెట్రో. మెట్రోలో వర్ణించదగ్గది చలి ఒక్కటే. స్టేడియం అనే పేరున్న స్టేషన్‌లోనే దిగారు. కిందికి దిగితే మెట్రో పిల్లర్ల వెంట ఎటు చూసినా ఆరంజే. బూరలు, జెండాలు, బుగ్గలకు రంగులు వేసేవాళ్ళు, టికెట్లు ఉన్నాయా అని చెవిలో అడిగేవాళ్ళు, టికెట్లు ఉన్నాయని చెవిలో చెప్పేవాళ్ళు.

గేటు దగ్గర విపత్తు కాచుకుని ఉంది. మ్యాచ్‌కు ముందు పోలీసులు లోపలికి తేకూడని వస్తువుల జాబితా చెబుతారు: హెల్మెట్, నీళ్ళ సీసా, అగ్గిపెట్టె, అత్తరు, పవర్ బ్యాంక్, నాణేలు, బయటి తిండి. ఆ జాబితా బావకు తెలుసు. అల్లుడికీ తెలుసు. కానీ అత్తకు చెప్పే ధైర్యం అల్లుడికీ, మామకు చెప్పే ధైర్యం బావకూ లేకపోయింది.

“ఇదేంది పెద్దాయనా?”

“రొట్టెలు సార్. పప్పు.”

“బైటి తిండి లోపలికి పోదు.”

“ఇది బైటిది కాదు సార్, ఇంట్ల చేసింది.”

ఈ వాదనలో ఉన్న బలం చూసి ఆ కానిస్టేబుల్ కూడా ఒక్క క్షణం తడబడ్డాడని ప్రత్యక్షసాక్షులు చెప్తారు. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. డబ్బాను అక్కడే వదిలేద్దామని బావ అన్నాడు. మామ అతనివైపు చూసిన చూపుకు, ధారూర్ పేరు మీద దొరికిన చుట్టరికం మళ్ళీ పోయేదే. మామ గేటు పక్క ఫుట్‌పాత్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దారం విప్పాడు. కొక్కెం ఊడదీశాడు. తడిగుడ్డ తొలగించాడు. లోపల స్టేడియం ఒక్కసారి గర్జించింది, టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్న ముంబై మీద మొదటి దెబ్బ పడ్డట్టుంది. మామ తల ఎత్తలేదు. ఒక్కో రొట్టెను నాలుగు తునకలు చేసి, పప్పులో ముంచి, ఉల్లిగడ్డ కొరికి, పద్ధతిగా, తొందర లేకుండా సంహరించాడు. అల్లుడు సాయం పట్టాడు. బావ మొహమాటపడి ఒకటి తిన్నాక మొహమాటం మానేశాడు. గర్జన మీద గర్జన. “మామా, హెడ్ కొడ్తున్నడు!” “కొట్టనీయ్‌రా. రొట్టె ఇడ్సి పోతే మీ అత్త కొడ్తది.”

ఖాళీ డబ్బాను దగ్గర్లోని మిర్చి బండి కింద దాచమని ఆ బండి ఆమెను “అక్కా” అని పిలిచి బతిమాలారు. మిగిలిన ఒక రొట్టె ఆమెకే. ఇక దస్తీ ముడిలోని చిల్లర. దాన్ని పారేసే చెయ్యి మామకు లేదు, లోపలికి తీసుకెళ్ళే దారీ లేదు. పక్కనే బ్రష్షు పట్టుకుని నిలబడ్డ రంగులబ్బాయి అరచేతిలో ముడి విప్పి బోర్లించి, “ఎంతస్తే గంత ఎయ్” అన్నాడు. ఊళ్ళో ఆరంజి చొక్కా వేసుకొమ్మంటే నాకెందుకురా అని తిట్టిన మనిషి, రెండు బుగ్గల మీదా సూర్యబింబాలతో గేటు దాటాడు. దస్తీ మాత్రం వెంట ఉంది.

లోపల యుద్ధం అప్పటికే వేడెక్కింది. దాన్ని యథాతథంగా చెబితే కావ్యం కాదు, అతిశయోక్తి చేద్దామంటే ఆ రోజు అంకెలు కవికి ఏమీ మిగల్చలేదు. హెడ్ 18 బంతుల్లో అర్ధశతకం కొట్టాడు, అప్పటిదాకా సన్‌రైజర్స్ తరఫున అంతకంటే వేగంగా ఎవరూ కొట్టలేదు. ఆ రికార్డు చెమట ఆరకముందే అభిషేక్ 16 బంతుల్లో చెరిపేశాడు. క్లాసెన్ 34 బంతుల్లో 80, నాటౌట్. 2013లో బెంగళూరు చేసిన 263 పదకొండేళ్ళు ఐపీఎల్ శిఖరమై నిలిచింది. దాన్ని తొక్కుకుంటూ హైదరాబాద్ 3 వికెట్లకు 277 దగ్గర ఆగింది. పదిహేడేళ్ళ దక్షిణాఫ్రికా కుర్రాడు మఫాకా తన తొలి ఐపీఎల్ మ్యాచ్‌లో నాలుగు ఓవర్లకు 66 ఇచ్చుకున్నాడు. అభిమన్యుడి కథ తెలిసినవాళ్ళెవరూ ఆ పిల్లవాణ్ణి చూసి నవ్వలేదు, మామ తప్ప.

తర్వాత ముంబై వంతు. వికెట్లు పడ్డాక, మెట్లు దిగి నీలిరంగు జెర్సీలో తిలక్ వర్మ వచ్చాడు. స్టేడియంలో ఒక వింత శబ్దం పుట్టింది. అది జేజే కాదు, ఈసడింపు కాదు, రెండిటి మధ్య గొంతులో ఇరుక్కున్నది. మొదటి సిక్సర్ లేచింది. ఆరంజి చొక్కాల మధ్య నుంచి అల్లుడు కూడా లేచాడు.

“ఎవలి దిక్కున్నవ్‌రా నువ్వు?”

“బంతి దిక్కున్న మామా.”

రెండో సిక్సర్‌కు బావ లేచాడు. మూడోదానికి వాళ్ళ వరసలో సగంమంది. ఆరో సిక్సర్‌కు దస్తీ గాల్లోకి లేచింది, ఎవరు విసిరారో మామ ఒప్పుకోలేదు. 34 బంతుల్లో 64 చేసి కమిన్స్ బంతికి తిలక్ దొరికిపోయినప్పుడు ఆ వరసంతా అరిచింది. ఏమని అరిచిందో విడదీయడం ఏ అలంకారశాస్త్రానికీ చేతకాదు. ముంబై 5 వికెట్లకు 246. హైదరాబాద్ 31 పరుగులతో గెలిచింది. రెండు జట్లూ కలిపి 523 పరుగులు, 38 సిక్సర్లు.

డబ్బా దొరికింది. మూత దొరకలేదు. పుట్టింటి పేరున్న ఆ మూత కోసం మామ చేసిన విలాపం ఒక ఆశ్వాసమంత ఉంది, వదిలేస్తున్నాను. ఇంట్లో అత్త చేసింది ఇంకా పెద్దది.

సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద పడమటి బండి కోసం ఎదురుచూస్తూ, గోడకానుకుని, బావ ఒక కొత్త లెక్క తీశాడు. “తిలక్ మనోడే గదా. గా 64 మన ఖాతలెయ్యాలె. 277కు 64 కలుపుతె 341. వాళ్ళ 246ల కెల్లి తీసేస్తె 182. గిప్పుడు మనం 159తోని గెల్సినట్టు.”

అల్లుడు ఫోన్‌లో స్కోరుకార్డు తీశాడు. “గట్లయితే హెడ్ 62 ఆస్ట్రేలియాకు ఇచ్చెయ్యాలె. క్లాసెన్ 80, మార్‌క్రమ్ 42 దక్షిణాఫ్రికాకు. అభిషేక్ 63 అమృత్‌సర్‌కు. మయాంక్ 11 బెంగళూరుకు.” కూడాడు, తీసేశాడు. “హైదరాబాద్‌కు మిగిలింది 19. గవన్ని ఎక్స్‌ట్రాలు. ముంబైవాళ్ళు ఏసినయి.”

“గవి మనయే,” అన్నాడు మామ. “మన గడ్డ మీద పడ్డయి.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బావ, మే 6న ముంబైలో ఇదే జోడీకి మళ్ళీ మ్యాచ్ ఉందని, తాండూరులో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చక్కగా ముంబైలోనే దిగొచ్చని కదిపాడు. ముంబైలో కామాఠీపురా కట్టిన నాటి నుంచి ఈ నేల మనుషులు ఆ ఊళ్ళో ఉండనే ఉన్నారు, దిగితే తిండికీ పడకకూ లోటేమీ లేదు. మామ బుగ్గ మీది రంగు గోకుకుంటూ ఆలోచించాడు.

“మా చిన్నమ్మ కొడుకున్నడు గాడ. ముప్పై ఏండ్లాయె పోయి,” అన్నాడు. “ఎవలి దిక్కుంటడో ముందుగాల ఫోన్ చేసి అడుగు.”